పక్క సీటు

మారక్కకు ఆ కారు పేరెత్తితే గిట్టదు. సవతి అయితే జుట్టు పట్టుకుని వీధిలోకి లాగొచ్చు, నాలుగు మాటలని మనసు చల్లార్చుకోవచ్చు. ఈ ఇనుప ముండను ఏమని తిట్టేది? తిట్టినా దానికి చెవులున్నాయా, సిగ్గుందా?

నాలుగేళ్ళ కిందట ట్రాక్టరు ట్రాలీలో అది వాళ్ళ ఊరు రాయచెర్లుకు వచ్చింది. అప్పటికి దాన్ని కారు అనడానికే నోరు రావాలి. బెంగళూరులో ఏదో పాత ఇనుము కొనే గుజిరీ అంగడి వెనక ఏళ్ళ తరబడి వానకు నాని, ఎండకు ఎండి, ఎముకల గూడు మాత్రం మిగిలింది. అరవై అయిదులో ఇంగ్లండులో పుట్టిందట. పందేల్లో ఉరికే జాతి అట. పైన కప్పు లేదు, వెనక సీటన్నదే లేదు. ఉన్న రెండు సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. అడుగు రేకును తుప్పు తినేసింది, లోపల కూర్చుంటే కాళ్ళు నేలమీద ఆనేట్టున్నాయి. చెయ్యి వేస్తే ఎర్రపొడి, బానెట్టు ఎత్తితే ఎలుక ఉచ్చ కంపు. మారక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇదేందప్పా! సచ్చిన బర్రెగొడ్డును ఈడ్సుకొచ్చినట్ల తెచ్చినావే!"

ఆమె మొగుడు నాగప్పకు ఆ మాట వినబడలేదు. యాభై దాటిన మనిషి, చిన్నపిల్లోడిలా ట్రాలీ ఎక్కి ఆ తుప్పు బానెట్టును నిమురుతున్నాడు.

"దీనికి పానం పోస్తా సూడు మారీ," అన్నాడు.

నాగప్ప పదహారేళ్ళప్పుడు బెంగళూరులో ఒక గ్యారేజీలో కార్లు కడిగే పని చేశాడు. అక్కడికి ఒక పెద్దమనిషి ఇలాంటి పచ్చ కారు తెచ్చేవాడు. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, ఎవరూ లేరు కదా అని నాగప్ప స్టీరింగు ముందు కూర్చున్నాడు. మెత్తటి తోలు సీటు. రెండు నిమిషాలైనా కాలేదు, ఆ పెద్దమనిషి వచ్చి రెక్క పట్టి బయటికి లాగి చెంప పగలగొట్టాడు. నీ ముడ్డికి ఈ సీటు కావాల్సి వచ్చిందా అన్నాడట. పెళ్ళయిన కొత్తలో ఈ కథ విని మారక్క అయ్యో పాపం అనుకుంది. ముప్పై ఏళ్ళు అదే కథ విన్నాక, ఆ దెబ్బేదో ఇంకాస్త గట్టిగా తగిలి ఉంటే బాగుండేది కదా అనుకోవడం మొదలుపెట్టింది.

వాళ్ళ ఎనిమిదెకరాల చెనిక్కాయల చేను సోలారు పార్కు కిందికి పోయింది. ఏటేటా కౌలు బ్యాంకులో పడుతుంది. దున్నే పని లేదు, వాన కోసం మెడ పైకెత్తే పని లేదు. పనిలేని మగవాళ్ళు ఊరినిండా తయారయ్యారు. ఒకడు బుల్లెట్ బండి కొన్నాడు, ఒకడు పేకాటకు మరిగాడు, ఒకడు పొద్దున్నే తాగి కంచె పక్కన పడుకుంటున్నాడు. తాగుబోతు మొగుడే నయం, తాగింది ఎప్పటికో ఒకప్పటికి దిగుతుంది, అనేది మారక్క.

ఆమె మాత్రం ఒక్కరోజు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. భూమి పోయినా మేకలున్నాయి. పుట్టింటి నుంచి తోలుకొచ్చిన రెండు మేకల సంతానం అది, పిల్లల పిల్లలై ఇప్పటికి పద్దెనిమిది. చేను నాగప్ప పేరున ఉంది, ఇల్లు నాగప్ప పేరున ఉంది. మేకలు మాత్రం మారక్కవి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

కారు వచ్చిన వారానికే ఆ మేకల కొట్టం పోయింది. వానకు తడిస్తే మళ్ళీ తుప్పు పడుతుందని నాగప్ప కారును కొట్టంలో పెట్టించి, మేకల్ని బయట టార్పాలు కిందికి తోలాడు. పైగా ఆమె గడప తొక్కితే కసిరేవాడు.

"దూరం పోవే! మేక కంపు కొడతాండావు. కారుకు అంటుకుంటాది."

పొద్దునా సాయంత్రం మేకపాల టీ తాగే మనిషికి ఇప్పుడు మేకలు కంపయ్యాయి! మారక్క థూ అని ఉమ్మేసి పక్కకు పోయేది.

ఉన్నమాట చెప్పాలంటే పని మాత్రం ఒళ్ళొంచి చేశాడు. చేనుకు అంత చాకిరీ ఏనాడూ చెయ్యలేదు. పట్టేసిన ఇంజనులో కిరోసిన్ పోసి నెలరోజులు నానబెట్టి, రోజూ ఒక పట్టు పట్టి చూసి, అది కదిలిన రోజున ఊరంతా చక్కెర పంచాడు. చక్రాల కమ్మీలు ఒకటొకటిగా ఊడదీసి ఉప్పుకాగితంతో రుద్దాడు. పోయిన రేకు కోసేసి కొత్త రేకు అతికించాడు, సొట్టలు కొయ్యసుత్తితో కొట్టి తీశాడు. ఒక చిన్న రబ్బరు ముక్క కోసం పార్సిలు ఎప్పుడొస్తుందా అని నలభై రోజులు ఎదురుచూశాడు. పెళ్ళాం పంటినొప్పితో బుగ్గ వాచి పడుకున్నప్పుడు మాత్రం పక్క టౌను పావగడకు తీసుకుపోవడానికి తీరిక దొరకలేదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమెకు మొగుడి మీద గౌరవం కలిగింది. పావగడలో సీట్లు కుట్టే ఉమేశ్ వచ్చి, చిరిగిన పాత సీట్లను చూసి, "ఇది ఆవు తోలన్నా. ఇంగ్లీషోళ్ళు గదా, దాంతోనే కుట్టినారు," అన్నాడు. నాగప్ప నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకాడు. సీట్లను కట్టెలతో నెట్టి బయటపడేసి, ఊరవతల గుంత తీసి పూడ్చి, తలకు పోసుకుని, కారు మీద పసుపునీళ్ళు చల్లాడు.

"గోమాత తోలు మీద కూసుంటానా నేను? శివశివా! ఏమన్నా పాపమా ఇది!"

"రెక్సిన్ వేపీరాదా?" అంది మారక్క.

"రెక్సిన్ వేస్తే అది కారా, సర్వీసు ఆటోనా? తోలే వేపిస్తా. ఇంకో తోలు సూడు ఉమేశా."

పోనీలే, దేవుడికైనా భయపడుతున్నాడు అనుకుంది ఆమె.

మేకలు మేపడంలో ఆమెకు జోడు బోరన్న. వీధి చివరింటి మనిషి, ఆమెకంటే ఆరేడేళ్ళు పెద్ద. అతనివి పన్నెండు మేకలు. రెండు మందలూ కలిపి ఒకరోజు ఆమె, ఒకరోజు అతను తోలుకుపోయేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. అప్పుడు చేనుగట్ల మీద, ఇప్పుడు సోలారు కంచెల వెంబడి. ఎవరి మేక ఈనినా ఇద్దరూ పక్కనుండేవాళ్ళు. రెండేళ్ళ కిందట మారక్క పెద్దమేక గౌరికి కడుపుబ్బరం వచ్చి నేలకు పడిపోతే, బోరన్న కాళ్ళు పట్టుకున్నాడు, మారక్క కొడవలి కాల్చి డొక్కలో వాతలు పెట్టింది. మూడు వాతలు పెట్టాలి. రెండు తిన్నగా పడ్డాయి. మూడోది పెట్టేటప్పుడు గౌరి తన్నింది, కొడవలి మొన జారి గీత కొక్కెంలా వంకర తిరిగింది. "నా తల్లీ, నిన్ను పాడు జేసినానే," అని మారక్క ఏడిస్తే, "బతికింది గదా, అందానికేం, పెండ్లి సేస్తామా," అన్నాడు బోరన్న. గౌరి నిజంగానే బతికి, ఆ తరువాత రెండు ఈతలు ఈనింది.

మొన్న ఎండాకాలం మేకలు మాయం కావడం మొదలైంది. ముందు ఒక పోతు. పదిహేను రోజులకు ఇంకోటి. నిడుగల్లు కొండ నుంచి చిరుత దిగిందేమో అన్నారు. చిరుత తింటే నెత్తురైనా ఉండాలి, బొమికైనా దొరకాలి. ఏమీ లేదు. మూడు నెలల్లో ఐదు పోయాయి. పోయిన ప్రతిరోజూ మేపే వంతు బోరన్నదే.

"మద్యానం రవ్వంత కునుకు తీస్తా మారక్కా. అంతే. యాడికి పోతాండాయో నాకు తెలీదు," అన్నాడు బోరన్న. అతని మొహం పీక్కుపోయింది.

నాగప్ప కమ్మీలు రుద్దుతూ, తలెత్తకుండా ఒక మాట వదిలాడు. "బోరన్నవి ఒక్కటీ పోలేదు గదా మారీ. సూసినావా?"

ఆ మాట ఆమె చెవిలో జోరీగలా దూరింది. నిజమే కదా! అతనివి పన్నెండూ పన్నెండే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ స్నేహం ఒకపక్క లాగుతున్నా, కళ్ళకు కనిపించే లెక్క ఇంకోపక్క లాగింది. ఆ శుక్రవారం గౌరి పోయింది. మారక్క రొమ్ము బాదుకుంటూ బోరన్న ఇంటి ముందు నిలబడి, వీధంతా వినేట్టు, దొంగనాకొడకా అంది.

మరుసటి రోజు మాజీ మెంబరు జయరామప్ప అరుగు మీద పంచాయితీ. బోరన్న ముందుకొచ్చాడు. "మారెమ్మ మీద ఒట్టు. కర్పూరం తెండి," అన్నాడు. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, అది బాగా అంటుకునేదాకా ఆగి, పిడికిలి బిగించి ఆర్పాడు. చెయ్యి తెరిస్తే చర్మం కమిలి బొబ్బ లేస్తోంది. తప్పు చేసినవాడు కర్పూరం ఆర్పడు, ఆర్పితే మారెమ్మ ఊరుకోదు, అది ఆ ఊళ్ళో నమ్మకం. అయినా మారక్క నమ్మలేదు.

"దొంగసేతులకు కాలినా నొప్పి తెలీదులే!" అంది.

అప్పుడు లేచాడు నాగప్ప. చేతులు కట్టుకుని, ఎంతో పెద్దమనసుతో, "పోనీలే మారీ. పేదోడు, ఏదో కక్కుర్తి పడినాడు. కడుపులో పెట్టుకుందాం. వదిలేయ్," అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. మనిషంటే నాగప్పరా అన్నారు. బోరన్న ఆ మాటకు మాత్రం తలెత్తి నాగప్పను చాలాసేపు చూశాడు.

ఆదివారం నాగప్ప పావగడ నుంచి మాంసం పొట్లం తెచ్చాడు. రెండు రోజులుగా ఆమె మెతుకు ముట్టలేదు.

"ఏడ్సి ఏడ్సి సగమైనావు. వండుకుని రెండు తునకలు తిను. ఒంట్లో సత్తువ ఉండల్ల గదా," అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో అడగకుండా ఆమె కోసం ఏదైనా తేవడం అదే మొదలు. ఆమె మనసు కరిగింది. మసాలా నూరి, రాగిసంగటి కెలికి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మాంసం బాగుందని కూడా అంది.

ఆ నెల లోపలే బోరన్న పన్నెండు మేకల్నీ అడిగిన రేటుకు అమ్మేశాడు. దొంగ అనిపించుకున్నవాడితో మంద కలిపేవాడు ఎవడుంటాడు? కాంట్రాక్టరు కింద సోలారు పలకలు కడిగే కూలికి పోతున్నాడు. టీ అంగడిలో అతను కూర్చుంటే పక్కవాడు లేచి నిలబడతాడు. అతను వీధిలో పోతుంటే, కోళ్ళు జాగ్రత్తరోయ్ అని ఎవడో ఒకడు అరుస్తాడు. మారక్క ఎదురైతే అతను గోడ వైపు తిరిగి పోయేవాడు. ఆమె కూడా అటు కాండ్రించి ఉమ్మేది.

ఆయుధపూజ నాటికి కారు సిద్ధమైంది.

ఊరు ఊరంతా వచ్చింది. చిలకపచ్చ కాదు, చింతాకు పచ్చ కాదు, సీసా పచ్చ. ఎండకు అద్దంలా మెరుస్తోంది. ముందర తళతళలాడే కమ్మీలు, గుండ్రటి రెండు దీపాలు, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బూడిదగుమ్మడికాయలో కుంకుమ పోసి పక్కన ఉంచారు. రంగు పాడవుతుందని నాగప్ప బానెట్టు మీద పళ్ళెం పెట్టనివ్వలేదు, ముందర పీట వేయించాడు. సీట్లు మాత్రం ఇటుకరంగు తోలుతో పొంగుతున్నాయి. పక్కనే ఉమేశ్, తన పని నలుగురూ చూడాలని అంచులు తుడుస్తున్నాడు.

"జంటగా కూసోండప్పా పూజకు," అన్నాడు జయరామప్ప.

నాగప్ప ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సీర మార్సినావా? సెంటు రవ్వంత పూసుకో. మేక కంపు రాకూడదు."

పండగ పూట గొడవెందుకులే అని మారక్క నాలుగేళ్ళలో మొదటిసారి ఆ కారెక్కి పక్క సీటులో కూర్చుంది. కొత్త తోలు వాసన, కొత్త రంగు వాసన. నాగప్ప స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. ఆమె ఎడమచెయ్యి సీటు అంచున, తలుపు పక్కకు ఆనింది. వేలికి ఏదో తగిలింది. తోలంతా ఒక తీరు, అక్కడ మాత్రం బిరుసుగా, నున్నగా ఒక గీత. దాని పక్కన ఇంకో గీత. ఆ పక్కన మూడోది, పైకి పోయి కొక్కెంలా తిరిగింది.

ఆమె వంగి చూసింది. కళ్ళతో చూడాల్సిన పనే లేదు, చేతికి తెలిసిపోయింది.

"ఉమేశా," అంది మెల్లగా, "ఇది ఏం తోలప్పా?"

"మేక తోలక్కా!" ఉమేశ్ మొహం వెలిగిపోయింది. "అన్న ఆవు తోలు వద్దన్నాడు గదా. మంచి నాటుమేకలు. అన్నే ఒకటొకటి బండిమీద తెచ్చి కటికాయనకు ఇచ్చినాడు, మాంసం నీకు, తోలు నాకు అని. నేను పదును జేపించి రంగు ఏపించినా."

"ఈ మచ్చేంది?"

ఉమేశ్ నాలిక కరుచుకున్నాడు. "అది నా తప్పు గాదక్కా. ఆ తోలుకు వాత మచ్చలు ఉండినాయి. పారేస్తామంటే అన్న ఒప్పుకోల్యా, తోలు సాలదు అన్నాడు. పక్క సీటుకు వేసెయ్, ఆడ కూసునేది నా పెండ్లామే గదా, ఆమె ఏం సూస్తాది అన్నాడు." ఆ పిచ్చివాడు నవ్వాడు కూడా.

మారక్కకు ఆరు మేకలూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. మధ్యాహ్నం కునుకు తీసే బోరన్న. చేత్తో చెనిక్కాయ ఆకు చూపిస్తే నమ్మి దగ్గరికి వచ్చే గౌరి, ఇంటి మనిషే కదా అని. ఆ తరువాత ఆదివారం గుర్తొచ్చింది. పొట్లం గుర్తొచ్చింది. మాంసం బాగుందన్న తన మాట గుర్తొచ్చింది.

తలుపు తోసుకుని దిగి, ముందుచక్రం పక్కన కూలబడి, కడుపులో ఉన్నదంతా ఆ నిమ్మకాయ మీద కక్కేసింది. దిష్టి తగిలింది, దిష్టి తగిలింది అన్నారు ఆడవాళ్ళు. "టైరు! టైరు మీద పడతాది!" అని నాగప్ప సీటులోంచే అరిచాడు.

ఆమె మూతి తుడుచుకుని లేచింది. పీటమీద కర్పూరం పళ్ళెం ఎత్తి మొగుడి మొహం ముందు పెట్టింది.

"సెయ్యి పెట్టి ఆర్పు. ఈ తోలు నా గౌరిది గాదని సెప్పి ఆర్పు."

నాగప్ప మంటను చూశాడు, జనాన్ని చూశాడు.

"ఊరందరి ముందర ఏందిది మారీ? ఇంటికి పోయి మాట్లాడుకుందాం. ఆరు పోతే పన్నెండు కొనిస్తా."

"ఆర్పు."

"బయట మంచి తోళ్ళు దొరకలేదే! నువ్వు మేపినవైతే నున్నగ ఉంటాయి. అట్లాంటి తోలు కొందామన్నా దొరకదు." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. ఆమె సంతోషపడుతుందనే అనుకున్నట్టున్నాడు.

"నాకు కాదు, బోరన్నకు సేసినావు ద్రోహం," అంది. "ఆ పొద్దు అరుగు మీద లేసి, పేదోడు కక్కుర్తి పడినాడు అంటివే. ఆ నోరు యాడిది నీకు? గోమాత తోలని తలకు పోసుకుంటివే! థూ నీ బతుకు! నీ పక్కన పండుకున్నందుకు నా ఒళ్ళు ఎన్నిసార్లు కడుక్కోవల్ల?"

"మంచి గడియ దాటిపోతాదమ్మా, ముందు పూజ కానీ," అన్నాడు జయరామప్ప.

"బోరన్నకు యా మంచి గడియ సూసినావు నువ్వు?"

కర్పూరం పళ్ళెంలో చివరిదాకా కాలి, తనంతట తానే ఆరిపోయింది. నాగప్ప చెయ్యి స్టీరింగు మీది నుంచి కదల్లేదు. అది ఆరేదాకా ఊరంతా చూసింది.

"సూసినారు గదా," అంది మారక్క జయరామప్పతో. "ఆ పొద్దు ఆయప్ప ఆర్పినాడు, ఈయప్ప ఆర్పలా. ఇంక పంచాయితీ ఏం సేస్తారో సెయ్యండి." జయరామప్ప చెప్పులు వెతుక్కోసాగాడు.

ఆమె పళ్ళెం పీటమీద పెట్టి, వీధి చివరిదాకా నడిచింది. పండగని కూలికి సెలవు. బోరన్న గడపలో కూర్చుని ఊరికే వీధిలోకి చూస్తున్నాడు. ఆమెను చూడగానే గోడ వైపు తిరిగాడు.

"బోరన్నా, మేకలు దొరికినాయి."

అతను తిరగలేదు. "యాడ?"

"కారులో. నా మొగుడు వాటి మీద కూసోనుండాడు."

బోరన్న మెల్లగా ఇటు తిరిగాడు. ఇన్ని నెలల నిందకు ఏమంటాడో అని ఆమె తల వంచుకుని నిలబడింది. తిడితే పడదామని, కొడితే తిందామని వచ్చింది.

"గౌరి గూడానా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకు మారక్క అతని గడప ముందు మట్టిలో కూలబడింది.

"దాని కూర వండినా బోరన్నా. నేనూ తింటిని. బాగుండాది అంటిని."

బోరన్న లేచి లోపలికి పోయాడు. ఇంక రాడనుకుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చెంబు పట్టిన అరచేతిలో కర్పూరం కాల్చిన మచ్చ, చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

"నోరు కడుక్కో," అన్నాడు.

ఆమె పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. మళ్ళీ. చెంబు ఖాళీ అయింది, ఆ రుచి పోలేదు. ఇంకో చెంబు అడగడానికి ఆమెకు నోరు రాలేదు.